బాలీలో ఒక్క రాత్రి గట్టిగా ఖర్చు పెట్టాలంటే: టేస్టింగ్ మెనూనా, పంచుకుని తినే టేబులా?

బాలీ ట్రిప్ ప్లాన్ చేసుకునే మనవాళ్ళు చాలామంది విల్లా గురించి, స్వింగ్ ఫొటోల గురించి, నుసా పెనీడా దీవికి వెళ్ళే బోటు గురించి నెలల ముందే చర్చలు పెట్టేసుకుంటారు, తిండి దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అక్కడ ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయిలే" అని వదిలేస్తారు. ఉన్నాయి, నిజమే, బటర్ నాన్‌కి కరువేం లేదు. కానీ ట్రిప్ మొత్తంలో ఒక్క రాత్రైనా కాస్త చేయి విప్పి ఖర్చు పెట్టి, ఇండోనేషియా వంటని మంచి చోట కూర్చుని తినాలి అనుకునేవాళ్ళు ఉంటారు కదా, ఇది వాళ్ళ కోసం. నా తీర్పు ముందే చెప్పేస్తా. మొదటిసారి వెళ్తున్నవాళ్ళు, అందులోనూ నలుగురైదుగురు కలిసి వెళ్తున్నవాళ్ళు, చెఫ్ ఎంచి ఒక్కొక్కటిగా పంపే టేస్టింగ్ మెనూ జోలికి పోకుండా ప్లేట్లు మధ్యలో పెట్టుకుని పంచుకునే రెస్టారెంట్‌కే వెళ్ళండి. ఇద్దరే అయి, ఇద్దరూ ఏది పెట్టినా తినేవాళ్ళయి, మూడు గంటలు కుర్చీలోంచి లేవకుండా కూర్చునే ఓపిక ఉంటే అప్పుడు లెక్క వేరే.

మోడర్న్ ఇండోనేషియన్ అని బోర్డు పెట్టుకున్నవన్నీ ఒకే రకం కాదు, ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఒక రకం ఏంటంటే, వంట చేసే పద్ధతి యూరప్‌ది, సరుకులు ఇండోనేషియావి. చిన్న చిన్న ప్లేట్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, మనం ఏమీ ఆర్డర్ చెయ్యం, చెఫ్ ఏది పెడితే అదే. రెండో రకంలో వంటకాలు రెండాంగ్ (కొబ్బరిపాలలో ఇగరబెట్టిన మాంసం కూర), బెతుతు (మసాలా దట్టించి నిదానంగా వండే బాతో కోడో), సాతే (పుల్లకి పట్టించి కాల్చినవి) లాంటి పాతవే, వాటిని మంచి సరుకుతో జాగ్రత్తగా వండి కాస్త కొత్తగా వడ్డిస్తారు, అన్నం గిన్నె మధ్యలో ఉంటుంది, ఎవరికి కావాల్సింది వాళ్ళు వేసుకుంటారు. మన నాలుకకి మొదటి పరిచయం ఈ రెండోదానితో అయితేనే మొదటిదాంట్లో చెఫ్ ఏం మార్చాడో, ఏం దాచాడో అర్థమవుతుంది. అసలు రెండాంగ్ ఎప్పుడూ తినకుండా రెండాంగ్ రుచి ఉన్న ఒక చుక్క సాస్‌ని ప్లేట్ అంచున చూసి మెచ్చుకోవాలంటే ఎలా కుదురుతుంది చెప్పండి.

సరే, టేస్టింగ్ మెనూ వైపు ఏమేం ఉన్నాయో ముందు చూద్దాం. బాలీ మధ్యలో ఉన్న ఊరు ఉబుద్‌లో అందరికంటే పాతది మొజాయిక్, క్రిస్ సాలన్స్ అనే చెఫ్ 2001లో మొదలుపెట్టారు. ఫ్రెంచ్ పద్ధతికి కెచొంబ్రాంగ్ పువ్వు, కెంచూర్ అనే అల్లం జాతి దుంప, కెమిరి గింజ లాంటి లోకల్ సరుకుల్ని జోడించి వండటం అక్కడ పెద్ద స్థాయిలో మొదలైంది వీళ్ళతోనే అనొచ్చు. తర్వాత 2013లో ఎల్కే ప్లాస్‌మైయర్, రే అద్రియాన్స్యా ఇద్దరూ కలిసి ఉబుద్ మధ్యలో లోకావోర్ పెట్టారు, దిగుమతి చేసిన సరుకు వద్దు, ఇండోనేషియాలో దొరికేదే వండుతాం అని పట్టుబట్టి పేరు తెచ్చుకున్నారు, అది 2023లో మూసేసి ఊరికి కాస్త దక్షిణంగా లోకావోర్ నెక్స్ట్ అని ఇంకా పెద్దది కట్టారు. అక్కడ పుట్టగొడుగులు పెంచే గది, పైకప్పు మీద తోట, ప్రయోగాలు చేసే ల్యాబ్ అన్నీ ఉన్నాయి, భోజనం అంటే కొంత తిరగడం, కొంత చూడడం, కొంత తినడం. వంట మీద పిచ్చి ఉన్నవాళ్ళకి పండగే. "ఆకలేస్తోంది, ఏదైనా పెట్టండి" అనే మనిషిని మాత్రం అక్కడికి తీసుకెళ్ళకండి, నాలుగో ప్లేట్‌కే మొహం మాడ్చుకుంటాడు, ఆ మొహం చూస్తూ మీకూ తినబుద్ధి కాదు.

ఉబుద్‌లోనే వైస్‌రాయ్ హోటల్ దగ్గర అపెరిటిఫ్ ఉంది, 2018 నుంచి నడుస్తోంది. అదీ టేస్టింగ్ మెనూనే, కానీ మూడింట్లో యూరప్ వాసన ఎక్కువ దీంట్లోనే. పాతకాలపు బంగళా లాంటి హాలు, తెల్ల టేబుల్ గుడ్డలు, డ్రెస్ చేసుకుని వెళ్ళాలి. యానివర్సరీ ఫొటోలు బాగా రావాలంటే ఇది బాగుంటుంది, ఇండోనేషియా రుచి తెలియాలంటే నేనైతే మిగతా రెండింటిలో ఒకదానికి పంపిస్తా.

జకార్తా పని మీద వెళ్ళేవాళ్ళకి అక్కడ కూడా మంచి ఆప్షన్ ఉంది. ఎస్‌సీబీడీ అనే ఆఫీసుల ఏరియా దగ్గర ఆగస్ట్ అని 2021లో పెట్టారు, చెఫ్ హన్స్ క్రిస్టియన్, హాలు చూసుకునేది బుది చాహ్యాది. 2023లో ఆసియాలో మేటి రెస్టారెంట్ల జాబితా వేసే ఏషియాస్ 50 బెస్ట్ వాళ్ళ వన్ టు వాచ్ అవార్డు దీనికే వచ్చింది. ఆఫీస్ ఖర్చు మీద వెళ్ళిన రోజు డిన్నర్ మీ చేతిలో ఉంటే దీన్ని వదలకండి, బాలీ టేస్టింగ్ మెనూల కంటే ఇక్కడ హడావిడి తక్కువ.

ఇప్పుడు నాకు ఇష్టమైన వైపుకి వస్తా. బీచ్ ఊరు సెమిన్యాక్ పక్కన పెతితెంగెత్ రోడ్డు మీద మెరా పుతి ఉంది. లోపలికి వెళ్తే ముందు తలెత్తి పైకి చూస్తారు ఎవరైనా, అంత ఎత్తు కప్పు, దాన్ని మోస్తున్నట్టు పారదర్శకంగా పెద్ద పెద్ద స్తంభాలు, వాన పడితే నీళ్ళు ఆ స్తంభాల్లోంచే కిందకి దిగుతాయి. వానాకాలంలో వెళ్ళినవాళ్ళు అదృష్టవంతులు ఈ ఒక్క విషయంలో. మెనూలో సంప్రదాయ వంటకాలు ఒక పక్క, మోడర్న్ వంటకాలు ఇంకో పక్క పెడతారు, మనలాంటివాళ్ళకి ఇది చాలా సుఖం, పెద్దవాళ్ళకి ఆ పక్క నుంచి, ప్రయోగాలు కావాల్సినవాళ్ళకి ఈ పక్క నుంచి తెప్పించుకుంటే టేబుల్ మీద గొడవ ఉండదు.

అదే రోడ్డు చివర బీచ్ వైపు పొటేటో హెడ్ కాంపౌండ్‌లో కౌమ్ ఉంది. వీళ్ళ పద్ధతి ఇంకోలా ఉంటుంది, ద్వీపాల్లో రకరకాల తెగలవాళ్ళు ఇళ్ళల్లో వండుకునే వంటల్ని వెతికి తెచ్చి, వాటి మసాలా మార్చకుండా మంచి ప్లేట్‌లో పెట్టడం. ఇండోనేషియా అంటే 17 వేలకు పైగా ద్వీపాలు, అందుకే "ఇండోనేషియన్ వంట" అనేది ఒకటి లేదు, మినాంగ్ వాళ్ళ కొబ్బరిపాల కూరలు వేరు, బటక్ వాళ్ళ అందాలిమాన్ మిరియం వేరు, తూర్పున మలుకు, పపువా వైపు అన్నం కంటే సాగో గంజి ఎక్కువ. ఆ అందాలిమాన్ తగిలితే నాలుక కాసేపు తిమ్మిరెక్కుతుంది, ఏదో అయిందని కంగారు పడకండి, అది అంతే.

ఉబుద్‌లోనే ఉండిపోతాం, సెమిన్యాక్ దాకా రాలేం అంటే హుజన్ లొకాల్ ఉంది, రెండంతస్తులు, రేటు పై రెండింటి కంటే తక్కువ, పిల్లల్ని తీసుకెళ్ళినా ఎవరూ ఏమనుకోరు. దక్షిణాన నుసా దువా రిసార్టుల్లో దిగినవాళ్ళకి పక్కనే తంజుంగ్ బెనోవాలో బుంబు బాలి, హైంజ్ ఫాన్ హోల్జెన్ అనే స్విస్ చెఫ్ 1997 నుంచి నడుపుతున్నది. ఇది మోడర్న్ ఏం కాదు, కానీ బాలీ ఇంటి వంట ఎలా ఉంటుందో శ్రద్ధగా చూపిస్తుంది, కుకింగ్ క్లాస్ కూడా ఉంది, పొద్దున్నే మార్కెట్‌కి తీసుకెళ్ళి మొదలుపెడతారు.

ఇలాంటి చోట్ల ఏం ఆర్డర్ చెయ్యాలి అంటే, ముందు సంబల్ మతా అనే పచ్చడి తెప్పించండి. చిన్న ఎర్ర ఉల్లిపాయలు, లెమన్‌గ్రాస్ లేత భాగం, పచ్చి మిరపకాయ, నిమ్మాకు, అన్నీ వెంట్రుకంత సన్నంగా తరిగి, ఉప్పు వేసి చేత్తో నలిపి, పైన వేడి కొబ్బరినూనె పోస్తారు, కొంచెం నిమ్మరసం, అంతే, ఆ నూనె తప్ప పొయ్యి మీద పెట్టేది ఏమీ లేదు. వంటగది మంచిదా కాదా అని తేల్చుకోడానికి నేను చూసేది ఇదే. ఉల్లి ముక్కలు కరకరలాడుతూ, విడివిడిగా, నూనె మెరుస్తూ ఉంటే అప్పటికప్పుడు కలిపారు అని, మెత్తబడి అడుగున నీళ్ళు చేరి ఉంటే పొద్దున్న కలిపి ఫ్రిజ్‌లో పెట్టారు అని. అంత రేటు తీసుకుని నీళ్ళు చేరిన సంబల్ పెట్టే చోట మిగతా వంట మీద కూడా పెద్ద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

దాని తర్వాత సాతే లిలిత్, చేప ముద్దని కొబ్బరితో, మసాలాతో కలిపి లెమన్‌గ్రాస్ కాడకి చుట్టి కాలుస్తారు, కాడ వాసన లోపలికి దిగుతుంది. బెబెక్ బెతుతు అంటే బాతు, అల్లం, పసుపు, గలాంగల్, కెంచూర్ లాంటివన్నీ నూరిన ముద్ద దట్టించి ఆకులో చుట్టి గంటల తరబడి నిదానంగా వండుతారు, కొన్ని చోట్ల ఒక రోజు ముందు చెప్పాలి, బుకింగ్ చేసేటప్పుడే అడగండి. నల్లగా ఉండే రవోన్ సూప్ కనిపిస్తే దాని నలుపు కెలువాక్ అనే గింజది. ఆ గింజ పచ్చిగా తింటే విషం, ఉడకబెట్టి బూడిదలో పూడ్చిపెట్టి వారాలు ఆగితే గాని తినడానికి పనికిరాదు, అందుకే ఆ రుచి ఇంకెందులోనూ రాదు. మోడర్న్ చెఫ్‌లకి ఈ గింజంటే మహా ఇష్టం, సాస్‌లో పెడతారు, ఐస్‌క్రీమ్‌లో కూడా పెట్టేస్తారు. ఆఖర్న క్లెపోన్ ఉంటే వదలకండి, పాందాన్ ఆకు రసంతో పచ్చగా కలిపిన బియ్యప్పిండి ఉండ, పైన కొబ్బరి కోరు, లోపల కరిగిన తాటి జాతి బెల్లం, మన కుడుముకి పచ్చ చీర కట్టినట్టు ఉంటుంది. మొత్తం ఒకేసారి నోట్లో వేసుకుని పెదాలు మూసుకున్నాకే కొరకాలి, సగం కొరికితే పాకం ఎదురుగా ఉన్నవాళ్ళ చొక్కా మీద పడుతుంది.

ఇప్పుడు అసలు తలనొప్పి, మనవాళ్ళ తిండి పట్టింపులు. బాలీలో హిందువులే ఎక్కువ కదా, వెజ్ బాగా దొరుకుతుంది అనుకుని వెళ్తారు, కానీ బాలీ హిందువులకి పంది మాంసం పండగ భోజనం, పూజకి కూడా పెడతారు. ఇంకో పక్క జావా, సుమత్రా వంటల్లో బీఫ్ మామూలు మాంసం. మెనూలో ఉత్త "దాగింగ్" అని ఉంటే ఎక్కువగా బీఫే, "బాబి" అంటే పంది, "అయామ్" కోడి, "బెబెక్" బాతు, "కంబింగ్" మేక, "ఉదాంగ్" రొయ్య. రెండాంగ్ అంటే ఏమీ చెప్పకపోతే బీఫ్ రెండాంగ్ అనే లెక్క, రవోన్ కూడా బీఫే. బీఫ్ తినని ఇళ్ళవాళ్ళు కోడితోనో, బాతుతోనో, పనసకాయతోనో చేసిన రెండాంగ్ ఉందా అని అడగండి, చాలా చోట్ల ఉంటుంది.

శాకాహారులకి కనిపించని శత్రువు తెరాసి, అంటే రొయ్యల్ని పులియబెట్టి చేసిన ముద్ద. సంబల్‌లో ఉంటుంది, కూర ముద్దలో ఉంటుంది, ఆకుకూర వేపుడులో కూడా ఉంటుంది, "వెజిటేబుల్" అని రాసి ఉన్నంత మాత్రాన అది లేదని కాదు. "తన్పా తెరాసి" అని చెప్తే అర్థమైపోతుంది. అయితే చాలాసార్లు మసాలా ముద్ద పొద్దున్నే నూరి పెట్టేసుకుంటారు కాబట్టి టేబుల్ దగ్గర కూర్చున్నాక చెప్తే లాభం ఉండదు, బుకింగ్‌లోనే రాయాలి. ఈ ఒక్క విషయంలో టేస్టింగ్ మెనూ చోట్లే మెరుగు, ముందే చెప్తే శాకాహారికి వేరే మెనూ తయారు చేసి పెడతారు, పాత లోకావోర్‌లో అయితే దానికి పక్కాగా విడి మెనూనే ఉండేది. అందుకని ఇద్దరూ ప్యూర్ వెజ్ అయి, గుడ్డు, పాలు ఫర్వాలేదు అంటే నేను పైన చెప్పింది తిరగబడుతుంది, పంచుకునే చోట మీకు మిగిలేది టెంపే, టోఫు, గాదో గాదో (వేరుశనగ సాస్ వేసిన కూరగాయల సలాడ్), నాలుగు ఆకుకూరలే, దానికంటే టేస్టింగ్ మెనూకి పెట్టిన డబ్బే న్యాయం. ఉల్లి, వెల్లుల్లి కూడా తినని పెద్దవాళ్ళు మీతో ఉంటే మొహమాటం లేకుండా చెప్తున్నా, ఈ వంట వాళ్ళకి కాదు, ప్రతి ముద్ద ఆ రెండింటితోనే మొదలవుతుంది.

టెంపేని తక్కువగా చూడకండి మాత్రం. సోయా గింజల్ని బూజు పట్టించి అచ్చులా చేసేది, జావా వాళ్ళ సొంత కనిపెట్టుడు, తాజాగా ఉన్నప్పుడు పల్చగా కోసి వేయించి తియ్యటి కారం పట్టిస్తే చికెన్ తినేవాళ్ళు కూడా ఆ ప్లేటే లాక్కుంటారు.

డబ్బు సంగతి. మెనూలో "185" అని ఉంటే అది లక్షా ఎనభై ఐదు వేల రూపియా, మూడు సున్నాలు తీసేసి రాస్తారు. మన రూపాయికి సుమారు 185 నుంచి 190 రూపియా వస్తుంది అనుకుంటే ఆ ప్లేట్ దాదాపు వెయ్యి రూపాయలు. దాని పక్కనే రెండు ప్లస్ గుర్తులు ఉంటాయి చూడండి, అదే ట్యాక్స్, సర్వీస్ ఛార్జ్, రెండూ కలిపి 15 నుంచి 21 శాతం దాకా పైన పడుతుంది. టేస్టింగ్ మెనూ అంటే మనిషికి పది లక్షల రూపియా దాటడం మామూలే, ప్లస్ ప్లస్ వేస్తే 12 లక్షలు, అంటే మన డబ్బుల్లో ఆరు వేల పైమాట, ఇది డ్రింక్స్ లేకుండా. పంచుకునే చోట నలుగురు వెళ్ళి కడుపు నిండా తిన్నా మనిషికి అందులో సగం కూడా కాకపోవచ్చు. వైన్ జోలికి పోకండి, దిగుమతి మద్యం మీద పన్ను విపరీతం, బాటిల్ రేటు చూస్తే భోజనం చవక అనిపిస్తుంది. దాని బదులు అరాక్‌తో చేసే కాక్‌టెయిల్ అడగండి, కొబ్బరి కల్లు లాంటివాటిని కాచి చేసే లోకల్ సారా అది, 2020లో బాలీ గవర్నర్ దానికి చట్టబద్ధత ఇచ్చాక మంచి రెస్టారెంట్లు కూడా ధైర్యంగా పెడుతున్నాయి. రోడ్డు పక్కన సీసాలో అమ్మేది మాత్రం ముట్టుకోవద్దు, కల్తీ అరాక్ తాగి ప్రాణాలు పోయిన కేసులు ఉన్నాయి.

మధ్యే మార్గం ఒకటి చెప్తా, ఇది చాలామందికి తట్టదు. ఉబుద్‌లో రూమ్ ఫర్ డెసర్ట్ అని ఉంది, విల్ గోల్డ్‌ఫార్బ్ 2014లో పెట్టింది, 2021లో ఆయనకి వరల్డ్స్ బెస్ట్ పేస్ట్రీ చెఫ్ అవార్డు వచ్చింది. మొత్తం డెసర్ట్‌ల చుట్టూ తిరిగే టేస్టింగ్ మెనూ, వెనక తోటలో పెంచిన ఆకులు, పళ్ళు వాడతారు. టేస్టింగ్ మెనూ అనుభవం కావాలి కానీ మాంసం గొడవ వద్దు అనుకునే జంటలకి బాగా నప్పుతుంది, గుడ్డు, జెలటిన్ మాత్రం ముందే అడగండి, స్వీట్లు కదా అని పూర్తి వెజ్ అనుకోవద్దు.

ఎక్కడ దిగారో చూసుకుని మరీ బుక్ చెయ్యండి, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం డిన్నర్లు పాడయ్యేది దీనివల్లే. మ్యాప్‌లో ఉబుద్‌కీ సెమిన్యాక్‌కీ దూరం చాలా తక్కువలా ఉంటుంది, సాయంత్రం ట్రాఫిక్‌లో గంటన్నర ఈజీగా పడుతుంది. పెద్ద భోజనం చేసి, రాత్రి పదిన్నరకి పిల్లలు ఒళ్ళో నిద్రపోతుంటే వంపుల రోడ్ల మీద అంతసేపు కార్లో కూర్చోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఉబుద్‌లో దిగితే ఉబుద్‌లోనే, సెమిన్యాక్‌లో దిగితే పెతితెంగెత్ రోడ్డు మీదే. ఉబుద్‌లో కొన్ని చోట్ల యాప్ క్యాబ్‌లని లోకల్ డ్రైవర్లు ఆపనివ్వరు కాబట్టి, పగలు తిప్పిన డ్రైవర్‌నే రాత్రి డిన్నర్ దాకా మాట్లాడుకోండి.

ఆమ్‌స్టర్‌డామ్ వైపు ఉన్న మనవాళ్ళకి ఒక మాట. ఆమ్‌స్టెల్వేన్‌లో మనవాళ్ళు బాగానే ఉన్నారు కదా, వాళ్ళకి దగ్గర్లోనే ఆమ్‌స్టెల్వేన్సెవేగ్ మీద బ్లావ్ ఉంది, అక్కడ రైస్‌టాఫెల్ పెడతారు. డచ్ వాళ్ళు ఇండోనేషియాని ఏలినప్పుడు పుట్టిన పద్ధతి అది, అన్నం చుట్టూ పదీ పదిహేను చిన్న గిన్నెలు. బాలీ వెళ్ళే ముందు ఒకసారి అక్కడ తిని వెళ్తే ఏది నచ్చుతుందో, ఏది పడదో ముందే తెలుస్తుంది. కారం మాత్రం డచ్ వాళ్ళ లెక్కలో ఉంటుంది, ఎక్కువ కావాలని గట్టిగా చెప్పాలి.

డేట్ ఫిక్స్ చేసే ముందు ఇంకోటి చూసుకోండి, న్యెపి. బాలీ వాళ్ళ శక సంవత్సరాది అది, ఆ రోజు ద్వీపం మొత్తం 24 గంటలు మూత, ఎయిర్‌పోర్ట్ కూడా మూత, హోటల్ గేటు దాటి బయటికి రానివ్వరు, లైట్లు కూడా తగ్గించేస్తారు. మన ఉగాదికి దగ్గర్లోనే వస్తుంది, 2023లోనూ 2026లోనూ ఏకంగా ఒకే రోజు పడింది, 2024లో మాత్రం నెల తేడా వచ్చింది, కాబట్టి ఉగాది సెలవులకి బాలీ పెట్టుకునేవాళ్ళు ఆ ఏడాది న్యెపి ఎప్పుడో చూసుకున్నాకే టేబుల్‌కి అడ్వాన్స్ కట్టండి. ముందు రోజు సాయంత్రం కూడా ఓగో ఓగో బొమ్మల ఊరేగింపుతో రోడ్లు బ్లాక్ అయిపోతాయి, ఆ రాత్రికి డిన్నర్ పెట్టుకోకుండా వీధిలో నిలబడి ఆ బొమ్మల్ని చూడండి, పక్కన బండి మీద కాల్చే సాతే తినండి.